స్కాలర్‌షిప్ సొమ్ము, మన కౌంటర్

గత ఏడాది జూన్ చివరి వారం. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ హడావుడి అప్పుడే మొదలవుతోంది. నేను పాలమూరు వైపు ఒక మండల కేంద్రంలోని శాఖలో మేనేజరుగా ఉన్నాను. పంట రుణాల రెన్యువల్ సీజను కావడంతో హాలు నిండా జనం. ఆ రద్దీలోనే ఒక రైతు తన కూతుర్ని వెంటబెట్టుకుని నా టేబులు దగ్గరికి వచ్చాడు. చేతిలో చిన్న గుడ్డ మూట ఉంది.

"సారూ, దీని మీద ఎంత వస్తది?"

మూటలో పుస్తెలతాడు, రెండు జతల కమ్మలు ఉన్నాయి. బంగారు రుణమంటే మనకు తేలికైన పని. అప్రైజరును పిలిచి, తూకం వేయించి, అరగంటలో పంపేయవచ్చు. ఎందుకో అడగాలనిపించి, దేనికని అడిగాను.

"బిడ్డ చదువుకు సారూ. ఇంజనీరింగ్ సీటుకు."

"స్కాలర్‌షిప్ ఉంటుంది కదా?"

"మాకు రాదు సారూ. ఇంటర్‌ల రెండేండ్లు పెట్టినం. అందరి పిల్లలకు పడ్డయి, మా పిల్లకు పడలే. మనకు రాసిపెట్టి లేదని ఊకున్నం."

ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడింది. బీసీ కుటుంబం. రెండున్నర ఎకరాల మెట్ట భూమి. ఆదాయ ధ్రువపత్రం సక్రమంగా ఉంది. ఇంటర్లో మంచి మార్కులు, ఈఏపీసెట్‌లో 20,000 దాటిన ర్యాంకు. అర్హత లేకపోవడానికి నాకు ఒక్క కారణమూ కనిపించలేదు. ఇంకా అడిగితే అసలు విషయం బయటికొచ్చింది. కౌన్సెలింగ్ దాకా ఆగనక్కరలేదు, మేనేజ్‌మెంట్ కోటాలో సీటు ఇప్పిస్తాను, దానికి కూడా ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది అని ఒక ఏజెంటు చెప్పాడట. ముందుగా కట్టాల్సిన డబ్బు కోసమే ఈ బంగారం.

అది నిజం కాదు. కన్వీనర్ కోటాలో సీటు పొందినవారికే రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరిన రోజే ఆ అర్హత పోతుంది. ఏజెంటు మాట నమ్మి ఉంటే ఆ కుటుంబం నాలుగేళ్ల ఫీజూ సొంతంగా మోయాల్సి వచ్చేది. మనం అప్పు ఇచ్చి అందులోకి దింపినవాళ్లమయ్యేవాళ్లం.

సరే, ఇంటర్లో డబ్బు ఎందుకు రాలేదు? అమ్మాయి ఫోనులోనే ఈ-పాస్ వెబ్‌సైటు తెరిపించి దరఖాస్తు స్థితి చూశాం. మంజూరైనట్టు ఉంది. తర్వాత ఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు సీడింగ్ స్థితి చూశాం. అక్కడ మన బ్యాంకు పేరు లేదు. వేరొక బ్యాంకు పేరుంది. అమ్మాయి కాసేపు ఆలోచించి, "ఇంటర్ ఫస్టియర్‌ల కాలేజీకి ఎవరో వచ్చి అందరితోటి అకౌంట్లు తీయించిన్రు సార్. పాసుబుక్కు మాత్రం ఇయ్యలే" అంది. మరునాడు తండ్రీకూతుళ్లు జిల్లా కేంద్రానికి వెళ్లి ఆ బ్యాంకులో విచారించారు. రెండేళ్ల మెయింటెనెన్స్ సొమ్ము ఆ ఖాతాలో అలాగే పడి ఉంది. ప్రభుత్వం ఇచ్చింది, బ్యాంకులో జమ అయింది, అందాల్సినవాళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు. తెలియకపోవడం వల్ల ఒక ఇంట్లో పుస్తెలతాడు కుదువకు వచ్చింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ రోజు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వ పథకం, మనకు సంబంధం లేదు అనుకునే అలవాటు మన శాఖల్లో ఉంది. నాకూ ఉండేది.

పథకం ఎక్కడిది

పదో తరగతి దాటిన ఎస్సీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇవ్వడం 1944లో, అంటే స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. తర్వాత ఎస్టీలకు, రాష్ట్రాల ద్వారా బీసీలకు, ఇతర వర్గాలకు విస్తరించింది. నేను డిగ్రీ చదివింది 1990ల మొదట్లో, ఈ స్కాలర్‌షిప్ మీదే. అప్పుడు ఖాతాలు లేవు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో నోటీసు బోర్డు మీద పేర్లు పెట్టేవారు. ఆఫీసు గుమాస్తా ముందు వరుస కట్టి, అక్విటెన్స్ రిజిస్టరులో సంతకం చేసి నగదు తీసుకునేవాళ్లం. సంతకం చేసిన మొత్తానికీ చేతికొచ్చిన మొత్తానికీ తేడా ఉండేది. దాన్ని 'ఆఫీసు ఖర్చు' అనేవారు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నేరుగా ఖాతాలో జమ అనే పద్ధతిని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు ఆ వరుస గుర్తొస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో పథకం స్వరూపమే మారింది. పుస్తకాలకు, భోజనానికి ఇచ్చే కొద్ది మొత్తంతో ఆగకుండా, ఇంజనీరింగ్ వంటి వృత్తి విద్యా కోర్సుల ట్యూషన్ ఫీజును కూడా బీసీలు, ఆర్థికంగా వెనుకబడినవారితో సహా అర్హులందరి తరఫున ప్రభుత్వమే చెల్లించే ఏర్పాటు వచ్చింది. అప్పటినుంచి ఇందులో రెండు భాగాలున్నాయి. ఒకటి ట్యూషన్ ఫీజు, దాన్నే ఆర్‌టీఎఫ్ అంటారు. రెండోది హాస్టలు, పుస్తకాల వంటి ఖర్చులకు ఇచ్చే మెయింటెనెన్స్ ఫీజు, అంటే ఎంటీఎఫ్. కౌంటరు దగ్గరికి వచ్చే విద్యార్థి "స్కాలర్‌షిప్ పడలేదు" అన్నప్పుడు ముందుగా అడగాల్సింది ఈ రెండింటిలో ఏది పడలేదని. తెలంగాణలో ఆర్‌టీఎఫ్ సాధారణంగా కళాశాల ఖాతాకు వెళ్తుంది, ఎంటీఎఫ్ విద్యార్థి ఖాతాకు వస్తుంది. మొదటిది రాకపోతే మన దగ్గర వెతికి లాభం లేదు.

రాష్ట్రం రెండయ్యాక దారులు కూడా రెండయ్యాయి. తెలంగాణలో ఈ-పాస్ కొనసాగింది. బీసీలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019-20 నుంచి పరిమితిని 2.5 లక్షలు చేశారు. విద్యా దీవెన పేరుతో ట్యూషన్ ఫీజును తల్లుల ఖాతాల్లో మూడు నెలలకొకసారి జమ చేశారు. వసతి దీవెన కింద ఐటీఐకి ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ, ఆపై కోర్సులకు 20,000 రూపాయలుగా నిర్ణయించారు. తర్వాత తల్లి, విద్యార్థి కలిసి తెరిచే ఉమ్మడి ఖాతాలు వచ్చాయి. ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కళాశాలకే చెల్లించే పద్ధతికి వెళ్లారు. పద్ధతి మారిన ప్రతిసారీ శాఖల ముందు తల్లులు బారులు తీరిన సంగతి అక్కడ పనిచేసిన మిత్రులకు బాగా తెలుసు.

ఎస్సీ విద్యార్థుల విషయంలో ఇంకో మార్పు ఉంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పోస్ట్ మెట్రిక్ పథకాన్ని సవరించింది. ఖర్చును కేంద్ర, రాష్ట్రాలు 60:40 నిష్పత్తిలో పంచుకుంటాయి. రాష్ట్రం తన వాటా విడుదల చేశాక కేంద్రం వాటా విద్యార్థి ఖాతాకే నేరుగా రావాలి. అంటే ఇంతకుముందు మన ఖాతాల్లో కొద్ది మొత్తమే కనిపించిన చోట ఇప్పుడు ఫీజు డబ్బు కూడా కనిపించవచ్చు. ఆ పిల్లవాడు దాన్ని కళాశాలకు కట్టాలి. పాత వ్యవసాయ బకాయికో, మినిమం బ్యాలెన్సుకో అందులో చేయి పెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఆధార్ ఎదురుగా ఒకే బ్యాంకు

మన వృత్తికి నేరుగా సంబంధించిన విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

"ఆధార్ లింక్ అయింది కదా సార్" అని విద్యార్థి అంటాడు. మన సిస్టంలో చూస్తే నిజంగానే అయి ఉంటుంది. కానీ లింకు వేరు, సీడింగు వేరు. కేవైసీ కోసం ఖాతాకు ఆధార్ నంబరు చేర్చడం లింకు. ఒక మనిషికి నాలుగు బ్యాంకుల్లో ఖాతాలుంటే నాలుగింటికీ అది ఉండవచ్చు. సీడింగు అంటే ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో ఆ ఆధార్ నంబరు ఎదురుగా ఒక బ్యాంకు పేరు నమోదు కావడం. అక్కడ ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది. ఖాతా నంబరు అక్కడ ఉండదు. ఆధార్ ఆధారంగా వచ్చే చెల్లింపు మ్యాపర్‌లో ఉన్న బ్యాంకుకు చేరుతుంది, ఏ ఖాతాలో వేయాలన్నది ఆ బ్యాంకు తన రికార్డు చూసుకుని నిర్ణయిస్తుంది. కొత్త బ్యాంకు సీడింగు చేస్తే పాత బ్యాంకు పేరు పోయి కొత్తది వస్తుంది.

అందుకే దరఖాస్తులో మన ఖాతా నంబరు రాసినా డబ్బు వేరే చోటికి వెళ్తుంది. కళాశాలలో పెట్టే క్యాంపుల్లో, ఫోనులో రెండు నిమిషాల్లో తెరిచే ఖాతాల్లో ఒక చిన్న గడిలో టిక్కు పెట్టించుకుంటారు. సబ్సిడీలు ఈ ఖాతాకే రావాలి అన్న అంగీకారం అది. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు దాన్ని చదివి టిక్కు పెడతారని నేను అనుకోను. నిజం చెప్పాలంటే మనమూ క్యాంపులు పెట్టినప్పుడు, ఖాతాల టార్గెట్ మీద కన్నేసి, ఆ గడి సంగతి పిల్లలకు వివరించిన సందర్భాలు తక్కువే.

కాబట్టి విద్యార్థి వచ్చినప్పుడు మన స్క్రీను ఒక్కటే చూసి "అంతా సరిగ్గానే ఉంది" అని పంపకూడదు. ఆధార్ వెబ్‌సైటులో అతని ఎదుటే సీడింగ్ స్థితి చూపించాలి. ఓటీపీ వస్తుంది కాబట్టి ఆధార్‌కు జోడించిన ఫోను దగ్గరుండాలి, అది ఎక్కువగా తండ్రి దగ్గర ఉంటుంది. ఆ ఒక్క కారణంగానే సగం మంది మళ్లీ రావాల్సి వస్తుంది. మన బ్యాంకుకు మార్చమంటే అంగీకార పత్రంలో పాత బ్యాంకు పేరు తప్పక రాయించండి. పాత ఖాతాలో ఏమైనా జమై ఉందేమో అక్కడికి వెళ్లి చూసుకోమని కూడా చెప్పండి.

రెండో చిక్కు వయసు. తొమ్మిదో తరగతిలో తండ్రి సంరక్షకుడిగా తెరిచిన మైనరు ఖాతా ఇంటర్ రెండో సంవత్సరానికో డిగ్రీ మొదట్లోనో పద్దెనిమిదేళ్లకు వస్తుంది. అప్పుడు కొత్తగా సంతకం, ఫొటో, కేవైసీ తీసుకోవాలి. తీసుకోకపోతే డబ్బు జమ అయినా డ్రా చేయబోయే రోజున ఆగిపోతుంది. అది పరీక్ష ఫీజు చివరి తేదీ అయి ఉంటుంది, ఎప్పుడూ అంతే. పుట్టినతేదీలను బట్టి వచ్చే ఆరు నెలల్లో మేజర్లు కాబోయే ఖాతాల జాబితా తీయించి ముందే ఫోను చేయించడం మా శాఖలో మొదలుపెట్టాం. పెద్ద పనేమీ కాదు.

వాడకం లేని ఖాతాల విషయంలో రిజర్వు బ్యాంకు 2024 జనవరి 1న ఇచ్చిన ఉత్తర్వు చదవని సహోద్యోగులు ఒకసారి చదవాలి. అది ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రభుత్వ పథకాల లబ్ధి కోసం, విద్యార్థుల స్కాలర్‌షిప్ కోసం తెరిచిన జీరో బ్యాలెన్సు ఖాతాలను రెండేళ్లకు మించి లావాదేవీలు లేకపోయినా ఇనాపరేటివ్‌గా వర్గీకరించకూడదు. అలా జరగకుండా సిస్టంలో వాటిని విడిగా గుర్తించి పెట్టాలి. సమస్యల్లా ఇక్కడే. ఖాతా తెరిచినప్పుడు మామూలు పొదుపు ఖాతాగా తెరిచి ఉంటే సిస్టంకు అది స్కాలర్‌షిప్ ఖాతా అని ఎలా తెలుస్తుంది? స్కీము కోడు వేసేది మనమే. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన స్మాల్ అకౌంట్ల సంగతీ ఇలాంటిదే. వాటిలో నిల్వ 50,000 రూపాయలు మించరాదన్న పరిమితి ప్రభుత్వ సాయం జమకు వర్తించదు. కానీ నెలకు 10,000 రూపాయలకు మించి తీయడానికి మాత్రం వీలుండదు. కళాశాలకు కట్టాల్సిన ఫీజు ఆ ఖాతాలో పడితే పిల్లవాడు ఎలా కడతాడు? పూర్తి కేవైసీ చేయించడమే దారి.

పేర్లలో తేడాల గురించి పెద్దగా రాయను, అందరికీ అనుభవమే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. దరఖాస్తు దశలోనే సరిచేయించుకోమని చెబితే చాలు.

మిగిలే లోటు ఎంత

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. 'ఫీజు మొత్తం ప్రభుత్వం కడుతుంది' అన్న మాట సగమే నిజం. తెలంగాణలో ఇంజనీరింగ్‌కు 10,000 లోపు ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి పూర్తి ఫీజు వస్తుంది. ఆ ర్యాంకు దాటితే, కొన్ని మినహాయింపులు పోను, ఏడాదికి గరిష్ఠంగా 35,000 రూపాయలే. ఈ సంగతి సీటు తీసుకున్నాక తెలిసే కుటుంబాలు చాలా ఉన్నాయి.

మేం ముగ్గురం కాగితం మీద లెక్క వేశాం. ఆమె పెట్టుకున్న ఆప్షన్లలో ఒక కళాశాల కన్వీనర్ ఫీజు ఏడాదికి 85,000. రీయింబర్స్‌మెంట్ 35,000 పోతే లోటు 50,000. కళాశాలకే కట్టే బస్సు ఫీజు ఇంకో 25,000. ఇంటి నుంచే వెళ్లొస్తుంది కాబట్టి హాస్టలు లేదు. మొత్తం ఏడాదికి 75,000, నాలుగేళ్లకు 3 లక్షలు. ఏజెంటు చెప్పిన సీటు ఏడాదికి లక్షన్నర, పైగా చేతికింద ఇచ్చేది వేరే. తండ్రి ఆ కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "మూడు లచ్చలంటే ఎట్ల కట్టాలె సారూ" అన్నాడు. కట్టాల్సింది ఇప్పుడు కాదని, చదువు అయ్యాక ఇంకో ఏడాది గడువు ఉంటుందని చెప్పాను. 4 లక్షల లోపు విద్యా రుణానికి హామీ ఆస్తి అడగం, మార్జిన్ కూడా లేదు. బంగారం మూట ఇంటికి తీసుకెళ్లమన్నాను.

వడ్డీ రాయితీ దగ్గర జాగ్రత్త పడాలి. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు 10 లక్షల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. కానీ అది ఎంపిక చేసిన ఉన్నత స్థాయి సంస్థల్లో చేరినవారికే. ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు గానీ వడ్డీ రాయితీకి గానీ అర్హత ఉన్నవారికి ఆ రాయితీ వర్తించదు. రీయింబర్స్‌మెంట్ పొందే విద్యార్థికి దాన్ని ఆశ చూపి రుణం ఇస్తే రేపు మనమే సమాధానం చెప్పుకోవాలి. 4.5 లక్షల లోపు ఆదాయవర్గానికి వృత్తి విద్యా కోర్సుల్లో చదువుకాలం, ఆపై ఏడాది పూర్తి వడ్డీ భరించే పాత కేంద్ర పథకం విడిగా ఉంది. కళాశాలకు న్యాక్, లేదా కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు ఉందో లేదో చూసి దాని గురించి చెప్పాలి.

ఇతర రాష్ట్రాల్లో ఉన్న మన సహోద్యోగులకు లెక్క వేరుగా ఉంటుంది. తమిళనాడులో ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివిన అమ్మాయిలకు 2022 సెప్టెంబరు నుంచి 'పుదుమై పెణ్' కింద నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడుతున్నాయి, 2024 ఆగస్టు నుంచి అబ్బాయిలకూ అలాంటి పథకం వచ్చింది. పశ్చిమ బెంగాల్ 2021లో స్టూడెంట్ క్రెడిట్ కార్డు పెట్టింది. అది స్కాలర్‌షిప్ కాదు, 4 శాతం వడ్డీకి 10 లక్షల దాకా రాష్ట్ర హామీతో బ్యాంకులు ఇచ్చే రుణం. ఫీజు తనే కట్టే రాష్ట్రం ఒకటి, చేతిఖర్చు ఇచ్చే రాష్ట్రం ఒకటి, అప్పు ఇప్పించే రాష్ట్రం ఒకటి. నాకైతే మొదటిదే మేలనిపిస్తుంది, డబ్బు సకాలంలో విడుదలైతే.

ఆ 'అయితే' దగ్గరే నాకు జవాబు దొరకని కేసు ఒకటుంది. మా శాఖ పరిధిలోని ఒక కుర్రాడు బీటెక్ పూర్తి చేశాడు. హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, చేరే తేదీ ఇచ్చారు. అతని తరఫున రావాల్సిన రెండేళ్ల రీయింబర్స్‌మెంట్ ఇంకా కళాశాలకు చేరలేదు. ముందు నువ్వు కట్టు, ప్రభుత్వం ఇచ్చాక వాపసు చేస్తాం అని చెప్పి సర్టిఫికెట్లు ఇవ్వలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. కానీ చేరే తేదీ పది రోజుల్లో ఉన్నవాడు ఫిర్యాదు పెట్టుకుని కూర్చోలేడు కదా. నా దగ్గరికి వచ్చి పర్సనల్ లోను అడిగాడు. జీతం చీటీ లేదు, చదువు అయిపోయింది కాబట్టి విద్యా రుణమూ కుదరదు. ఏ స్కీములోనూ ఇమడలేదు. చివరికి వాళ్లమ్మ గాజుల మీద బంగారు రుణం ఇచ్చాను. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ కంటే నయం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎనిమిది నెలలకు కళాశాల డబ్బు వాపసు ఇచ్చింది. ఆ ఎనిమిది నెలల వడ్డీ మాత్రం ఆ తల్లే కట్టింది. ప్రభుత్వం మంజూరు చేసి, విడుదల కావాల్సి ఉన్న మొత్తం మీద విద్యార్థికి స్వల్పకాలిక రుణం ఇచ్చే ఉత్పత్తి ఏదైనా మన బ్యాంకు ఆలోచిస్తే బాగుంటుందని జోనల్ సమావేశంలో చెప్పాను. మంజూరు ఉత్తర్వును హామీగా ఎలా తీసుకుంటామని ఒక పెద్దాయన అడిగారు. సబబైన ప్రశ్నే. ఇంతకంటే అనుభవం ఉన్నవారెవరైనా దీనికి దారి చెబితే సంతోషిస్తాను.

ఆ అమ్మాయికి కౌన్సెలింగ్‌లో రెండో విడతలో సీటు వచ్చింది. మన బ్యాంకుకు సీడింగు మారింది, రుణం మొదటి వాయిదా నేరుగా కళాశాలకు పంపాం. ఏటా రెన్యువల్ దరఖాస్తు పెట్టాలని, హాజరు 75 శాతం తగ్గితే ఆ ఏడాది సొమ్ము ఆగుతుందని ఆమె పాసుబుక్కు అట్ట లోపల రాసి ఇచ్చాను. ఈ ఏడాది నుంచి మా శాఖలో జూన్ మొదటి వారంలోనే ఒక పేజీ తెలుగు కాగితం తలుపు పక్కన అంటిస్తున్నాం. సీడింగ్ స్థితి చూసుకునే విధానం, మేజరు ఖాతా మార్పుకు కావాల్సినవి, మేనేజ్‌మెంట్ కోటాకు రీయింబర్స్‌మెంట్ లేదన్న మాట కాస్త పెద్ద అక్షరాల్లో. దాని నమూనా కావాల్సిన శాఖలు నాకు ఒక మెయిలు పెడితే పంపిస్తాను. మీ జిల్లాకు తగ్గట్టు ఆదాయ పరిమితులు సరిచూసుకుని వాడుకోండి.